చిగురు వేసిందా, మంచు తొలగిందా? ఎత్తైన కొండల మీద ఉపగ్రహం చెప్పే వసంతం తేదీ గురించి

పచ్చికబయలు
సోమవారం, రాత్రి 9:40

అందరికీ నమస్కారం. పశ్చిమ హిమాలయాల్లో సుమారు 3,500 మీటర్ల ఎత్తున ఉన్న ఒక పచ్చిక బయలు మీద రెండేళ్లుగా పని చేస్తున్నాను. అక్కడ ఏటా పచ్చదనం ఎప్పుడు మొదలవుతోందో, ఎప్పుడు నిండుతోందో, ఎప్పుడు వాడుతోందో ఉపగ్రహ చిత్రాల నుంచి తేదీలుగా రాబట్టాలి.

నాసా ఉపగ్రహాల మీది మోడిస్ పరికరం ఇచ్చే, 250 మీటర్ల పిక్సెళ్ల (చిత్రంలోని ఒక్కో గడి) ఎన్‌డీవీఐ అనే పచ్చదనం సూచిక తీసుకున్నాను. ఏడాది కనిష్ఠానికీ గరిష్ఠానికీ మధ్య ఉన్న తేడాలో 20 శాతం దాటిన రోజును చిగురు వేసిన రోజుగా పెట్టుకున్నాను. అందరూ చేసేది అదే కదా. ఆ లెక్కలో గత ఏడాది తేదీ ఏప్రిల్ చివరి వారంలో వచ్చింది.

కానీ మే మొదటి వారంలో నేను అక్కడే ఉన్నాను. మంచు చాలావరకు పోయింది. నిరుటి గడ్డి తడిసి, చాపలా నేలకు అతుక్కుని ఉంది. మోకాళ్ల మీద కూర్చుని గడ్డి పక్కకు తీసి మరీ వెతికాను. పచ్చటి మొలక ఒక్కటీ కనపడలేదు. మే మూడో వారానికి గానీ బయలు పచ్చబడలేదు.

మూడు వారాల తేడా. ఇరవై ఏళ్లకు పైబడిన డేటా మీద ఇదే పద్ధతి నడిపి "వసంతం ముందుకొస్తోంది", అంటే ఏటికేడు తొందరగా వస్తోంది అని ఒక గీత గీసి పెట్టుకున్నాను. ఇప్పుడు ఆ గీతను నమ్మలేకపోతున్నాను, చాలా టెన్షన్‌గా ఉంది. తప్పు ఎక్కడుందో దయచేసి చెప్పండి.


హిమరేఖ
సోమవారం, రాత్రి 10:25

పచ్చికబయలు గారూ, తప్పు మీ కళ్లది కాదు. ఉపగ్రహం కూడా తప్పు కొలవలేదు. మంచు తొలగడాన్ని అది కొలిచింది, మనం దానికి చిగురింపు అని పేరు పెట్టాం.

మంచు ఎరుపు కాంతినీ సమీప పరారుణ (ఎరుపుకు అవతల, కంటికి కనపడని) కాంతినీ ఇంచుమించు సమానంగా వెనక్కి పంపుతుంది. ఎన్‌డీవీఐ ఆ రెంటి తేడానే చూస్తుంది, అందుకే మంచు కప్పిన పిక్సెల్‌లో ఎన్‌డీవీఐ సున్నా దగ్గర, ఒక్కోసారి సున్నాకు కాస్త కిందే ఉంటుంది. అదే చోట మంచు పోయి ఎండుగడ్డి బయటపడితే విలువ 0.15, 0.2 దాకా లేస్తుంది. ఒక్క ఆకు కూడా పుట్టనక్కర్లేదు.

ఇప్పుడు మీ 20 శాతం గీత ఎక్కడ పడుతుందో చూడండి. వేసవి గరిష్ఠం 0.7, చలికాలపు కనిష్ఠం సున్నా అనుకుంటే గీత 0.14 దగ్గర ఉంటుంది. ఎండుగడ్డి బయటపడటంతోనే దాటేశారు.

ఇంకో చిక్కు కూడా ఉంది. 250 మీటర్ల పిక్సెల్‌లో మంచు ఒక్కరోజులో పోదు. గుట్టల మీద ముందు పోతుంది, గుంటల్లో వారాల తరబడి నిలుస్తుంది. అందువల్ల ఎన్‌డీవీఐ మెల్లగా, నున్నగా పెరుగుతుంది. చిగురింపు కూడా సరిగ్గా అలాగే పెరుగుతుంది. కాబట్టి గ్రాఫ్ ఆకారం చూసి ఏది ఏదో చెప్పలేం.


కొత్తచిగురు
సోమవారం, రాత్రి 10:51

నేను ఈ రంగానికి కొత్త. ఎరుపు, పరారుణం అంటున్నారు. పచ్చదనం కొలవాలంటే పచ్చ కాంతినే చూడొచ్చు కదండీ?


హిమరేఖ
సోమవారం, రాత్రి 11:04

మంచి ప్రశ్న. ఆకులోని పత్రహరితం ఎరుపు కాంతిని ఆహారం తయారీకి మింగేస్తుంది. ఆకు లోపలి కణాల అమరిక సమీప పరారుణాన్ని గట్టిగా వెనక్కి కొడుతుంది. ఈ రెండింటి మధ్య అంతరం చాలా పెద్దది, పచ్చ కాంతిలో కనపడే తేడా దానితో పోలిస్తే చిన్నది. అందుకే సమీప పరారుణంలోంచి ఎరుపును తీసేసి, రెండింటి మొత్తంతో భాగిస్తాం. 1972లో మొదటి ల్యాండ్‌శాట్ ఉపగ్రహం వెళ్లిన కొద్దికాలానికే ఈ లెక్క వాడుకలోకి వచ్చింది. ఇప్పటికీ అదే వాడుతున్నాం.


పిక్సెల్‌దారి
మంగళవారం, ఉదయం 7:15

హిమరేఖ గారు చెప్పింది అసలు కారణమే. దానికి తోడు ఇంకొకటి అయి ఉండొచ్చు. పచ్చికబయలు గారూ, తేదీని ఎక్కడి నుంచి తీసుకున్నారు? ఫైలు పేరులో ఉన్న తేదీయా?

ఆ మోడిస్ ఉత్పత్తి 16 రోజులకు ఒకటి వస్తుంది. ఆ 16 రోజుల్లో మేఘాలు లేని మంచి రోజును ప్రతి పిక్సెల్‌కూ విడివిడిగా ఎంచుతారు. ఫైలు పేరులో ఉండేది మాత్రం ఆ గడువులో మొదటి రోజు. పక్కపక్క పిక్సెళ్లు పది రోజుల తేడాతో తీసినవి కావచ్చు. అసలు ఏ రోజు చిత్రమో ఇంకో పొరలో రాసి ఉంటుంది, ఉపగ్రహ డేటాను ఆన్‌లైన్‌లో విశ్లేషించే గూగుల్ ఎర్త్ ఇంజన్‌లో అయితే దాని పేరు డే ఆఫ్ ఇయర్. ఆ పొర వాడకపోతే 15 రోజుల దాకా పొరపాటు రావచ్చు. ఆ పొరపాటు ఎప్పుడూ ఒకే దిక్కుకు, అంటే అసలు రోజు కంటే ముందు తేదీకే లాగుతుంది.


పచ్చికబయలు
మంగళవారం, మధ్యాహ్నం 1:30

ఫైలు పేరులోని తేదీనే వాడాను. రెండేళ్లుగా అదే వాడుతున్నాను. మీరు చెప్పిన పొర పెట్టి మళ్లీ నడిపాను. గత ఏడాది తేదీ ఆరు రోజులు ఆలస్యంగా, మే మొదటి రోజుల్లోకి వచ్చింది. చాలా కృతజ్ఞతలు పిక్సెల్‌దారి గారూ. అయినా ఇంకా రెండు వారాలకు పైగా తేడా మిగిలింది.


పిక్సెల్‌దారి
మంగళవారం, మధ్యాహ్నం 2:05

మిగిలినదానికి సులువైన మార్గం, 20 శాతం బదులు 50 శాతం పెట్టుకోవడం. గీత పైకి పోతుంది, ఎండుగడ్డి విలువలు అక్కడికి చేరవు. చాలామంది అలాగే చేస్తున్నారు.


భూర్జపత్రం
మంగళవారం, సాయంత్రం 6:20

దీనికి నేను ఒప్పుకోను పిక్సెల్‌దారి గారూ. 50 శాతం అంటే బయలు సగం ఎదిగిన రోజు. అది మొలకెత్తిన రోజు కాదు. మంచు దెబ్బ తప్పించుకోవడానికి మనం అడిగిన ప్రశ్ననే మార్చేసుకుంటున్నాం.

నేను మొక్కల మనిషిని. ఉపగ్రహాల గురించి మీ అంత తెలియదు. కానీ మంచు పోయిన రోజుకీ చిగురు వేసిన రోజుకీ మధ్య కాలాన్ని మీరంతా పొరపాటుగా, తుడిచేయాల్సిన మరకగా చూస్తున్నారనిపించి రాస్తున్నాను.

ఎత్తైన చోట్ల వేసవి చాలా చిన్నది. అందుకని చాలా మొక్కలు మొగ్గల్ని ముందు ఏడాదే తయారు చేసి దాచుకుంటాయి. బిస్టోర్టా వివిపారా అనే చిన్న మొక్క హిమాలయాల్లోనూ ఆర్కిటిక్‌లోనూ పెరుగుతుంది. దాని ఆకూ పూగుత్తీ మొదలైన రోజు నుంచి పూర్తిగా ఎదగడానికి నాలుగేళ్లు పడుతుంది. ఈ వేసవిలో మనం చూసే పువ్వు నాలుగేళ్ల కిందట మొదలైంది. ఆ నాలుగు చలికాలాలూ దాన్ని కాపాడింది మంచే. మందపాటి మంచు కింద నేల సున్నా డిగ్రీల చుట్టుపక్కలే ఉంటుంది, పైన గాలి ఎంత చల్లబడినా కింద మొగ్గ గడ్డకట్టదు.

మంచు తొందరగా పోయిందనుకోండి. మొక్క బయటపడుతుంది, మేలుకుంటుంది. ఆ తర్వాత ఒక్క రాత్రి గట్టి చలి పడితే మొగ్గలన్నీ మాడిపోతాయి. కొలరాడోలోని రాకీ పర్వతాల్లో ఉన్న జీవశాస్త్ర ప్రయోగశాలలో 1970ల నుంచి ఏటా పూలను లెక్కపెడుతున్నారు. అక్కడ పొద్దుతిరుగుడు కుటుంబానికి చెందిన హీలియాంథెల్లా మొక్కలో ఇదే చూశారు. మంచు ముందుగా కరిగిన ఏళ్లలో మొగ్గలు చలికి ఎక్కువగా చచ్చిపోయాయి. వసంతం ముందుగా వచ్చిందంటే మొక్కకు మంచి జరిగినట్టు కాదు.

అందుకే నా మనవి ఇది. ఒక తేదీ కాదు, రెండు తేదీలు రాయండి. మంచు తొలగిన రోజు ఒకటి, చిగురు వేసిన రోజు ఇంకొకటి. ఆ రెంటి మధ్య ఎన్ని రోజులున్నాయి, ఆ రోజులు ఏటికేడు పెరుగుతున్నాయా తగ్గుతున్నాయా అన్నదే మొక్కకు ముఖ్యం.


కొండవాలు
మంగళవారం, రాత్రి 8:45

భూర్జపత్రం గారి మాట నాకు చాలా నచ్చింది. నేను కొండ జంతువుల మీద పని చేస్తాను. అడవి గొర్రె జాతులకు, జింకలకు ఆ రెండు తేదీలూ రెండు వేరు అవసరాలు. మంచు తొలగితే చాలు, కింద ఎండుగడ్డి అందుతుంది. చలికాలం గట్టెక్కడానికి అది చాలు. కానీ పిల్లలకు పాలివ్వాలంటే లేత చిగురు కావాలి. గడ్డి ముదిరే కొద్దీ పీచు పెరుగుతుంది, మాంసకృత్తులు తగ్గుతాయి. అందుకే చాలా జంతువులు వసంతంలో కింది నుంచి పైకి, లేత పచ్చదనం వెంబడే ఎక్కుతూ పోతాయి. మా రంగంలో దీన్ని పచ్చటి అల వెంట నడవడం అంటారు. నార్వేలో ఎర్ర జింకల మీద, అమెరికాలోని వయోమింగ్‌లో మ్యూల్ డీర్ అనే జింకల మీద దీన్ని బాగా పరిశీలించారు.

ఆ అలను మేం ఉపగ్రహాలతోనే కొలుస్తాం. పచ్చదనం ఎంత ఉందన్నది కాదు, ఏ రోజున అతివేగంగా పెరుగుతోందన్నది చూస్తాం. ఆ రోజుల్లోనే మేత అతి శ్రేష్ఠంగా ఉంటుందని అనుకుంటాం. మంచు కరుగుతున్నప్పటి పెరుగుదలను చిగురు పెరుగుదలగా లెక్కేస్తే, జంతువులు అల కంటే వెనకపడ్డాయని తప్పుగా రాస్తాం. నిజానికి అవి సరైన సమయానికే చేరి ఉంటాయి.


కొత్తచిగురు
మంగళవారం, రాత్రి 9:10

ఇంత పెద్ద పొరపాటు ఇప్పటిదాకా ఎవరికీ తట్టలేదా?


హిమరేఖ
మంగళవారం, రాత్రి 10:30

తట్టింది. పెద్ద వాదమే జరిగింది. ఎత్తైన ప్రాంతాల మీద పనిచేసే ప్రతివాళ్లూ ఆ వాదాన్ని ఒకసారి చదవాలని నా కోరిక.

టిబెట్ పీఠభూమి మీద 2010లో పీఎన్‌ఏఎస్ పత్రికలో ఒక అధ్యయనం వచ్చింది. 1982 నుంచి 2006 దాకా ఉపగ్రహ డేటా తీసుకున్నారు. 1990ల మధ్య వరకు పచ్చబడే తేదీ ముందుకొచ్చిందని, ఆ తర్వాత మళ్లీ ఆలస్యమైందని తేల్చారు. వాళ్లు చెప్పిన కారణం ఇది: చలికాలం వెచ్చబడితే మొక్కకు కావాల్సినంత చలి తగలదు, అందుకే ఆలస్యంగా మేలుకుంటుంది. వినడానికి సబబుగానే ఉంది.

2013లో అదే పత్రికలో ఇంకో బృందం వేరే మాట చెప్పింది. మొదటివాళ్లు వాడిన జిమ్స్ అనే ఉపగ్రహ డేటా పీఠభూమి పడమటి భాగంలో తర్వాతి ఏళ్లకు నమ్మదగినది కాదని, ఆ ఏళ్లకు స్పాట్ అనే ఇంకో ఉపగ్రహం డేటా కలిపితే 1982 నుంచి 2011 దాకా తేదీ ఆగకుండా ముందుకే వస్తోందని అన్నారు. అదే ఏడాది మూడో బృందం ఒక లేఖ రాసింది. మొక్కలు ఎదగని నెలల్లో ఎన్‌డీవీఐ పెరుగుతూ ఉండటం ఆ తేదీలను ముందుకు లాగిందని, దాన్ని తీసేస్తే ఆఖరి పదేళ్లలో తేదీ ముందుకొచ్చిందనడానికి ఆధారం లేదని వాళ్ల వాదన.

ఒకే పీఠభూమి, ఇంచుమించు ఒకే కాలం. ఒకరు ఆలస్యమన్నారు, ఒకరు ముందుకన్నారు, మూడోవారు ఆఖరి పదేళ్లకు ఏ ఆధారమూ లేదన్నారు. ముగ్గురూ శ్రద్ధగా పనిచేసినవాళ్లే. పచ్చికబయలు గారూ, మీకు నిద్ర పట్టని ప్రశ్న ఇలాంటిదే. మీరు ఒంటరి కాదు.


పిక్సెల్‌దారి
బుధవారం, ఉదయం 6:50

భూర్జపత్రం గారూ, మీరు చెప్పింది రాత్రి చాలాసేపు ఆలోచించాను. 50 శాతం గురించి నా సలహా వెనక్కి తీసుకుంటున్నాను. దాని బదులు రెండు పనులు చెబుతాను.

మొదటిది, మంచును వేరుగా పట్టుకోవడం. మంచు కంటికి కనిపించే కాంతిలో మెరుస్తుంది కానీ షార్ట్‌వేవ్ పరారుణంలో (సమీప పరారుణానికి ఇంకా అవతలిది) నల్లగా ఉంటుంది. మేఘం రెండింటిలోనూ తెల్లగా ఉంటుంది. అందుకే పచ్చ కాంతినీ షార్ట్‌వేవ్ పరారుణాన్నీ పోల్చే ఎన్‌డీఎస్‌ఐ సూచిక మంచునూ మేఘాన్నీ విడదీస్తుంది. సాధారణంగా 0.4 పైన ఉంటే మంచు అంటారు. దీంతో భూర్జపత్రం గారు అడిగిన మొదటి తేదీ దొరుకుతుంది. మంచు ఉన్న రోజుల ఎన్‌డీవీఐని తీసేసి, మంచు లేని రోజుల్లో కనిపించే అతి తక్కువ విలువను ఆ ఖాళీల్లో నింపండి. మీ బయలుకు అది 0.18 అనుకుంటే, 20 శాతం గీత 0.14 నుంచి 0.28కి పోతుంది. ఎండుగడ్డి దాన్ని అందుకోలేదు.

రెండోది, ఎన్‌డీవీఐ బదులు ఎన్‌డీపీఐ అనే ఇంకో పచ్చదనం సూచిక వాడి చూడటం. ఇందులో ఎరుపు ఉండే చోట ఎరుపు 0.74 వంతు, షార్ట్‌వేవ్ పరారుణం 0.26 వంతు కలిపి పెడతారు. అలా కలిపితే మంచు విలువా వట్టి నేల విలువా దగ్గర దగ్గరగా వస్తాయి. మంచు పోయినా సూచిక పెద్దగా లేవదు, చిగురు వేస్తేనే లేస్తుంది. దీన్ని తయారు చేసింది ఈ సమస్య కోసమే.

వీలైతే మోడిస్ వదిలి ఐరోపా ఉపగ్రహాలైన సెంటినెల్-2కు మారండి. 2015లో ఒకటి, 2017లో ఇంకొకటి వెళ్లాయి, మొదటిదాని స్థానంలో 2025లో కొత్తది చేరింది, జంటగా 5 రోజులకోసారి వస్తాయి. ఎరుపు 10 మీటర్లలో ఉన్నా షార్ట్‌వేవ్ 20 మీటర్లే, కాబట్టి ఎన్‌డీపీఐ 20 మీటర్లకే నిజాయితీగా వస్తుంది. పాత ఏళ్లకు మాత్రం మోడిస్ తప్పదు.


వాలునీడ
బుధవారం, ఉదయం 9:30

సెంటినెల్-2 మాట వచ్చింది కాబట్టి అడుగుతున్నాను. నా కొండ మీద 2022 నుంచి పచ్చదనం ఒక్కసారిగా పడిపోయింది. ప్రతి పిక్సెల్‌లోనూ. కరువనుకున్నాను, తెగులనుకున్నాను. వెళ్లి చూస్తే గడ్డి ఏపుగా ఉంది.


పిక్సెల్‌దారి
బుధవారం, ఉదయం 9:48

కొండకు ఏమీ కాలేదు. 2022 జనవరి 25 నుంచి ఆ డేటాలో అంకెలు రాసే పద్ధతి మార్చారు. ప్రతి విలువకూ 1000 కలుపుతున్నారు. అది తీసేయకుండా లెక్క వేస్తే ఎరుపు 400 ఉన్నది 1400 అవుతుంది, పరారుణం 3000 ఉన్నది 4000 అవుతుంది. 0.76 రావాల్సిన చోట 0.48 వస్తుంది. ఎర్త్ ఇంజన్‌లో హార్మొనైజ్డ్ అని ఉన్న సేకరణ తీసుకోండి, అందులో సరిచేసి ఉంటుంది.


వాలునీడ
బుధవారం, ఉదయం 10:20

సరిపోయింది. గీత మళ్లీ యథాస్థానానికి వచ్చింది. నెలన్నరగా పడుతున్న బాధ తీరింది, మీకు రుణపడి ఉంటాను.

నా వంతుగా నీడల గురించి ఒక మాట. ఉత్తరం వైపు వాలు మీద ఎన్‌డీవీఐ కాస్త నయం. వెలుతురు తగ్గితే ఆ భిన్నంలో పైనా కిందా రెండూ తగ్గుతాయి, భాగించేసరికి చాలావరకు కొట్టుకుపోతుంది. ఈవీఐ అనే మరో పచ్చదనం సూచికలో హారంలో ఒక స్థిర సంఖ్య ఉంది కాబట్టి అలా కొట్టుకుపోదు. నీడలో గడ్డి పలచగా ఉన్నట్టు చూపిస్తుంది. దట్టమైన అడవికి ఈవీఐ మంచిదని చదివి నిటారు కొండలకూ అదే వాడేవాళ్లను చాలామందిని చూశాను. వాలు వల్ల వచ్చే వెలుతురు తేడాను సరిదిద్దకుండా అలా చేయకండి. ఇంకొకటి, మోడిస్‌ను మోసే టెర్రా ఉపగ్రహం కక్ష్యను సరిదిద్దడం 2020లో ఆపేశారు. అది ఇప్పుడు మునుపటి కంటే పొద్దున్నే దాటుతోంది, అంటే నీడలు పొడవు. ఆ తర్వాతి ఏళ్ల మోడిస్ గీతలను లోయల్లో జాగ్రత్తగా చదవాలి.


కొత్తచిగురు
బుధవారం, సాయంత్రం 5:15

కొండలు పచ్చబడుతున్నాయని వార్తల్లో తరచూ వస్తోంది కదా. మరి అది కూడా మంచు మాయేనా?


హిమరేఖ
బుధవారం, సాయంత్రం 7:00

అలా కొట్టిపారేయలేం. ఆ అధ్యయనాలు వేరే ప్రశ్న అడుగుతున్నాయి. వసంతం ఎప్పుడు వస్తోందని కాదు, వేసవిలో పచ్చదనం ఎంత ఉందని. 2022లో సైన్స్ పత్రికలో ఆల్ప్స్ మీద వచ్చిన పరిశీలనలో 1984 నుంచి 2021 దాకా ల్యాండ్‌శాట్ చిత్రాలు చూశారు. చెట్ల రేఖకు పైన 77 శాతం ప్రాంతంలో పచ్చదనం పెరిగిందని, మంచు తగ్గడం 10 శాతం కంటే తక్కువ చోటే కనపడిందని తేలింది. అంటే పచ్చదనం పెరుగుదలను మంచు తగ్గుదలతో మాత్రమే వివరించలేం. హిందూకుష్ హిమాలయాల మీద 2020లో వచ్చిన పనిలో 4,150 మీటర్ల నుంచి 6,000 మీటర్ల దాకా చూశారు. 1993 నుంచి 2018 మధ్య మొక్కలు విస్తరించాయి. 5,000 నుంచి 5,500 మీటర్ల మధ్య ఆ విస్తరణ అన్నిటికంటే గట్టిగా ఉంది. నేను ఆ అంకె చూసిన రోజు ఇంకే పనీ చేయలేకపోయాను. అంత ఎత్తున!


భూర్జపత్రం
బుధవారం, రాత్రి 8:10

నేల మీది లెక్కలు కూడా మార్పునే చూపిస్తున్నాయి. పాత సూత్రం ప్రకారం ఎత్తు 120 మీటర్లు పెరిగితే వసంతం నాలుగు రోజులు ఆలస్యం. 1918లో హాప్కిన్స్ చెప్పింది. ఆల్ప్స్‌లో చెట్లు ఆకులు తొడిగే తేదీలను 1960ల నుంచి రాసి పెట్టారు. అప్పట్లో వెయ్యి మీటర్లకు 34 రోజుల తేడా ఉండేది, అది 2016 నాటికి 22 రోజులకు తగ్గింది. పై చెట్లకూ కింది చెట్లకూ మధ్య తేడా తగ్గుతోంది. ఇది మనుషులు చెట్టు కింద నిలబడి రాసిన తేదీల నుంచి వచ్చింది, ఇందులో మంచు గొడవ లేదు.


కొండవాలు
బుధవారం, రాత్రి 8:40

మరి ఆ అల వెంట నడిచే జంతువుకు అల తొందరగా ముగిసిపోతుంది. గడ్డి కూడా ఈ చెట్లలాగే మారుతుంటే, ఇదివరకు నెలకు పైగా దొరికిన లేత మేత ఇప్పుడు మూడు వారాల్లో కింది నుంచి పై దాకా ముదిరిపోతుంది. దీని గురించి నాకు నిజంగా దిగులుగా ఉంది.


పచ్చికబయలు
ఆదివారం, రాత్రి 11:20

నాలుగు రోజులు ఇదే పని మీద కూర్చున్నాను. సెంటినెల్-2తో 20 మీటర్లలో ఎన్‌డీపీఐ, ఎన్‌డీఎస్‌ఐతో మంచు తేదీ, రెండూ తీశాను. గత ఏడాదికి మంచు తొలగిన రోజు ఏప్రిల్ ఆఖరులో, చిగురు వేసిన రోజు మే రెండో వారంలో వచ్చాయి. నేను మొదట చిగురింపు అనుకున్నది మంచు తొలగిన రోజుకు దాదాపు సరిగ్గా సరిపోయింది. హిమరేఖ గారు మొదటి రోజే చెప్పారు.

నేను కళ్లతో చూసినదానికీ దీనికీ ఇంకా వారం తేడా ఉంది. పటం పెట్టి చూస్తే నేను కూర్చున్న చోటు బయలులో ఉత్తరం వైపు వాలు మూల. సగటు తీసినప్పుడు దక్షిణపు వాలు కూడా కలిసింది. ఈసారి రెండు వాలులూ విడివిడిగా తీస్తున్నాను.

వాడిపోయే తేదీ మాత్రం ఇంకా తేలలేదు. జూలై, ఆగస్టుల్లో మేఘాలు విడవడం లేదు. వరసగా ఐదారు చిత్రాలు తెల్లగా వచ్చిన చోట గరిష్ఠం ఎక్కడో కూడా ఊహే అవుతోంది. మేఘాల్లోంచి చూడగల రాడార్ చిత్రాలు ప్రయత్నించాను, నిటారు వాలుల మీద, తడి నేల మీద నాకు ఏమీ అర్థం కాలేదు. పాత గీతను తీసేశాను. మోడిస్ మీద రెండు తేదీలూ వేరుగా పెట్టి మళ్లీ మొదటి నుంచి నడుపుతున్నాను, వచ్చింది ఇక్కడే పెడతాను. ఈ మంచు పడేలోపు బయలు మీద ఒక కెమెరా పెట్టాలని ఉంది. ఎలా పెట్టాలో ఎవరైనా చెప్పగలరా?


భూర్జపత్రం
సోమవారం, ఉదయం 5:50

చెబుతాను. కెమెరా ఉత్తరం వైపు చూసేలా బిగించండి, ఎండ నేరుగా పడదు. రంగుల ఆటోమేటిక్ సర్దుబాటు తప్పకుండా ఆపేయండి, లేకపోతే పచ్చదనం రోజుకో రకంగా వస్తుంది. రోజూ ఒకే వేళల్లో, మధ్యాహ్నం చుట్టూ కొన్ని ఫొటోలు చాలు. స్తంభం మాత్రం అక్కడ పడే మంచు కంటే ఎత్తుగా ఉండాలి. ఒకటి కాదు, రెండు వాలుల మీదా పెట్టండి. దిగేటప్పుడు బ్యాటరీని మరోసారి చూసుకోండి.